పంచమం దగ్గర చప్పుడు

భుజంగరావు మాస్టారు పగలు కాలేజీలో భౌతికశాస్త్రం, సాయంత్రం ఇంట్లో వీణ చెప్పేవారు. ఏ ప్రశ్న అడిగినా ముందు ఏదో ఒక పని పురమాయించడం ఆయన అలవాటు.

ఒకనాడు వీణ పాఠానికి చేరిన మా నలుగురిలో నరహరి, "మాస్టారూ, సంక్రమణ పౌనఃపున్యం నిర్వచనం కంఠతా వచ్చు గాని ఒంటబట్టలేదు. ఎంత వెలుగు కుమ్మరించినా కదలని పరమాణువు, సరైన పౌనఃపున్యం కాస్త తగిలితే చాలు, ఎందుకు గెంతుతుంది?" అన్నాడు.

అడిగాడే గాని ధ్యాసంతా తన కొత్త వీణ మీదే ఉంది. అది మంద్ర పంచమం దగ్గర జుమ్మంటోంది. ఒకే పనస దుంగ తొలిచానని చెప్పి, వీణలు చేసే వీరాచారి అతుకుల కొయ్య అంటగట్టాడని అతని అనుమానం. భూతద్దం పెట్టి వెతికాడు. అతుకు దొరకలేదు, దొరకనందుకు అనుమానం ఇంకా ముదిరింది. సంగీత పాఠశాలకు ఆరు వీణలు వీరాచారి చేతే చేయించాలనుకుంటున్న కమిటీలో నరహరి సభ్యుడు. వద్దని రాసిన ఉత్తరం అతని జేబులోనే ఉంది. అది చేరితే ఆ ముసలాయన దగ్గర ఇంకెవరూ వీణ చేయించుకోరు. పాఠానికి వస్తూ దారిలో దాన్ని చూపిస్తే నాకు ఒళ్ళు మండింది.

"వాయించు" అన్నారు మాస్టారు.

మిగతా స్వరాలు ఎంత గట్టిగా మీటినా ఏమీ లేదు. పంచమం మెల్లగా మీటినా జుమ్మంది. "విన్నారా!" అన్నాడు నరహరి, దొంగను పట్టినట్టు.

బల్ల మీది వస్తువులు ఒక్కొక్కటే తీయమని మాస్టారు నాకు చెప్పారు. చెంబు తీశాను, శ్రుతిపెట్టె తీశాను; చప్పుడు పోలేదు. నరహరి ఎక్కడ కూర్చున్నా పక్కన పెట్టుకునే ఇత్తడి పొడుం డబ్బా తీశాను. పంచమం శుభ్రంగా పలికింది. అతను నమ్మలేక డబ్బా మళ్ళీ పెట్టి మీటాడు. వదులు మూత మళ్ళీ జుమ్మంది.

"ఈ డబ్బా ఊగి ఊరుకుంటుందోయ్" అన్నారు మాస్టారు. "పరమాణువు ఊరుకోదు. దాని రెండు శక్తి అంతస్తుల మధ్య ఎడానికి సరిపడే పౌనఃపున్యం తగిలిందా, కిందిది వదిలి పైదానికి పోతుంది. తక్కినవి దానికి పట్టవు."

నరహరి ముఖం చిన్నబోయింది. ఉత్తరం బయటికి తీసి మాస్టారికి చూపించాడు గాని చింపడానికి చెయ్యి రాలేదు. "అయినా మాస్టారూ, ఆచారి కొయ్యలో మోసం చేస్తాడని ఊరంతా అనుకుంటున్నారు కదా!"

మాస్టారు వీణ మీద గుడ్డ కప్పారు.

"ఆ మాట నా చెవినా పడింది, వీళ్ళందరి చెవినా పడింది. ఉత్తరం రాసింది మాత్రం నువ్వొక్కడివే."