అన్నం కోసం ఆగిన ఎలుగుబంట్లు

అనగనగా ఒక కొండ, ఆ కొండ చుట్టూ ఒక అడవి. ఆ అడవిలో గవరయ్య అనే ఎలుగుబంటి, అతని భార్య సింగారమ్మ కాపురం ఉండేవారు. వానాకాలమంతా తినడానికని ఇద్దరూ వేసవంతా తిరిగి ఒక పెద్ద తేనెపట్టు దాచుకున్నారు.

అప్పుడే నీలకంఠం అనే నెమలి కొండ మీద రెస్టారెంట్ పెట్టాడు. అక్కడ ఒక పూట తినాలంటే ఇంట్లో ఉన్న నిల్వంతా ఇచ్చుకోవాలి. అయితే అతను ఒక మాట ఇచ్చాడు. కడుపు నిండలేదని చెప్పినవాళ్లు తెచ్చింది తెచ్చినట్టు తీసుకుపోవచ్చు. ఇంతవరకు ఒక్కరూ అలా చెప్పలేదు.

అడవిలో పెద్దలంతా అక్కడే తింటున్నారని గవరయ్యకూ మనసైంది. వానల్లో ఏం తింటామని సింగారమ్మ అడిగింది. అతను వినలేదు. తేనెపట్టు భుజానికెత్తుకుని బయల్దేరాడు. చేసేది లేక ఆమె కూడా వెళ్లింది.

కొండ మీద పట్టును నీలకంఠానికి అప్పజెప్పారు. అక్కడ చిరుతపులి, నక్క ముందే కూర్చుని ఉన్నారు. అందరి ముందూ చాపంత అరిటాకులు వేశారు.

నీలకంఠం మొదట ఒక మూకుడు తెచ్చి మూత తీశాడు. లోపల పనసపండు వాసన ఉంది. పండు లేదు. రెండోసారి ఒక ఇప్పపువ్వు రేకు తెచ్చి ఆకు మూల పెట్టాడు. దాని మీద పొద్దున ఒక చీమ నడిచిందట, ఆ నడకే రుచట. మూడోసారి ఏమీ తేలేదు. ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆకుల మీద మబ్బు నీడ పడింది. చల్లారకముందే తినమన్నాడు.

చిరుతపులి కళ్లు మూసుకుని ఆహా అంది. నక్క ఓహో అంటూ ఉత్త ఆకు నాకింది.

ఎలుగుబంట్లు మాత్రం దేన్నీ ముట్టుకోలేదు. విస్తట్లో ముందు ఉప్పు, పచ్చడి వేస్తారు, అన్నం వచ్చేదాకా చెయ్యి పెట్టకూడదు. పెళ్లి భోజనాల్లో వాళ్లు నేర్చుకున్న మర్యాద అది. ఇవన్నీ పచ్చళ్లే అనుకుని, అన్నం కోసం బుద్ధిగా కూర్చున్నారు. ఆ మబ్బు పోయింది. ఇంకో మబ్బు వచ్చింది. నీలకంఠం దాన్ని మారు వడ్డన అన్నాడు.

తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి కడుపు నిండిందా అని అడిగాడు. చిరుతపులి నిండిందంది. ఆ మాట అంటుండగానే దాని కడుపు గుర్రుమంది. నక్క కూడా నిండిందని చెప్పి, ఎవరూ చూడకుండా అరిటాకు కొస కొరికింది.

గవరయ్య వాళ్లిద్దరి వైపూ చూశాడు. అతనికి సిగ్గేసింది.

“నిండిందండీ,” అన్నాడు.

“నాకు నిండలేదు బాబూ,” అంది సింగారమ్మ. “అసలు అన్నమే పెట్టలేదు కదా?”

“ఊరుకోవే, పెద్దలు వింటున్నారు,” అన్నాడు గవరయ్య.

“వింటే విననీ. పట్టులో సగం నేను తెచ్చిందే. నా సగం నాకు ఇప్పించండి.”

మాట మాటే కాబట్టి నీలకంఠం సగం పట్టు తెచ్చి ఇచ్చాడు. మిగతా సగం కొండ మీదే ఉండిపోయింది.

వానలు పట్టుకున్నాయి. సింగారమ్మ తేనె ముందు పెట్టుకుని తింటోంది. గవరయ్య గుటకలు మింగుతూ కూర్చున్నాడు.

“నీకు నిండిందన్నావు కదయ్యా,” అంది.

“లేదే,” అన్నాడు గవరయ్య నేలచూపులు చూస్తూ. “ఆ రోజే నిండలేదు.”

ఆమె పట్టు అతని వైపు జరిపింది. “ఈ మాట కొండ మీద అనుంటే, ఇప్పుడిద్దరం కడుపు నిండా తినేవాళ్లం.”

నీతి: ఆకలిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడకండి; నలుగురి కోసం నిండిందని చెబితే కడుపు నమ్మదు.