ముత్తెమ్మ దాచిన పడవ సామాను

"ముత్తెమ్మ పాకలో సామానంతా సముద్రంలో పారెయ్యాలహో!" అని వీధి చివర కేక వినపడింది, పిల్లలూ. ఎక్కడనుకున్నారు? అనగనగా ఇసకలో సగం కూరుకుపోయిన ఒక రేవు ఊళ్ళో. ఊఁ అనండర్రా, లేకపోతే నేను పడుకుంటాను.

ముత్తెమ్మ మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. తెడ్డొక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సముద్రంలో పోయినవాడి తెడ్డు ఇంట్లో ఉంచకూడదని ఆ ఊరి కట్టు. అందుకని పెరట్లో తాటాకు పాక వేసి అందులో పెట్టుకుంది. అది చూసి మిగతావాళ్ళూ పోయిన తమవాళ్ళ తెడ్లూ సామానూ తెచ్చిచ్చారు. తెడ్డు పక్కన లంగరు, లంగరు పక్కన లాంతరు, లాంతరు పక్కన తెరచాప, తెరచాప పక్కన ఎప్పుడో మునిగిన ఓడ గంట. ఇచ్చినవాళ్ళు మళ్ళీ అటు తొంగి చూడలేదు. పోయినవాళ్ళ సామానట, భయమట. పాతికేళ్ళూ ఆవిడే తుడిచింది, చెక్క పుచ్చకుండా ఆవిడే జీడినూనె రాసింది. ఉబుసుపోక తెడ్లనే పలకరించేది, ఏం మావా, గాలెటుందీ అని. తెడ్డేం చెబుతుందీ, పాపం.

ఇంతకీ ఊరిపెద్ద దానయ్యకి వచ్చిన బాధేమిటంటే, పాకలో ఒక దిక్సూచి ఉంది. పెట్టె ఎటు తిప్పినా ముల్లు తన ఇంటివైపే తిరుగుతోందట. దెయ్యం తనకోసమే చూస్తోందని వణికిపోయాడు మహానుభావుడు. పొద్దున్నే ఆ కేక వేయించి, జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ తెడ్డు కూడా పోతే మొగుడిదంటూ ముత్తెమ్మకి ఇంకేమీ లేదు. అయినా ఏడవలేదు. దానయ్య వరసకి బావ. దిక్సూచి అతని చేతిలో పెట్టి, మీ ఇంటిదాకా పద బావా, దానికి కావలసింది నువ్వో కాదో చూద్దాం అంది.

నడిచారు. దానయ్య ఇల్లు దాటారు, ముల్లు ముందుకే చూస్తోంది. అటు అతని బావమరిది ఇల్లు. అయ్యో, వాడికోసమా అన్నాడు దానయ్య, కాస్త కుదుటపడి. అదీ దాటారు. ముల్లు ఇంకా ముందుకే.

అప్పుడు ముత్తెమ్మ అంది, "ఇది ఎవరికోసమూ చూడదు బావా. దారి తప్పినవాడికి ఉత్తరం ఎటో చెబుతుంది, అంతే. మా ఆయన దగ్గర ఇది లేదు."

వెనక్కొచ్చి ఒక్కొక్కరే తలొంచుకుని పాకలోకి వెళ్ళారు. తెడ్లమీద ఎవరి గుర్తుగా వాళ్ళు చెక్కుకున్న గాట్లు తడిమి, ఇది మా నాన్నదా అని ఒకరు, మా అన్నదా అని ఒకరు. ఏ రోజున, ఏ గాలికి ఒడ్డు చేరిందో ముత్తెమ్మ అందరికీ చెప్పింది. తరవాత్తరవాత ఆ పాకనే పెంకుటిల్లు చేసి మ్యూజియం అని బోర్డు కట్టారనుకోండి.

పోయినవాళ్ళని తలుచుకోడానికి భయమెందుకు చెప్పండి? ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళు ఎవరింటి గిన్నె వాళ్ళు తెచ్చారు. వడ్డించబోతే ముత్తెమ్మని దానయ్యే కూర్చోబెట్టాడు. తెడ్ల మధ్య రెండు వరసల్లో ఊరంతా అన్నానికి కూర్చుంది.

కథేమో పాకలో, మనమేమో పక్కలో.