కోడిపెట్ట బొమ్మ, రెండు పెట్టెలు

వాగ్దేవీ, ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నేను కాస్త అటూ ఇటూ చేసి చెప్పవచ్చు. జరిగినది మాత్రం ఇదే.

కాకినాడలో ఒక సందులో గవర్రాజు అనే అట్టపెట్టెల పనివాడు ఉండేవాడు. చేతిపనిలో అతనికి సాటి లేదు, కానీ ఆ మాట రోజుకొకసారైనా ఎవరో ఒకరు అనకపోతే అతనికి అన్నం సయించేది కాదు.

మిఠాయి దుకాణాలకూ, చీరల కొట్లకూ పెట్టెలు చేసేవాడు. కొన్నాళ్ళకు పాత బొమ్మలు సేకరించేవాళ్ళు అతని గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు. కీ ఇస్తే తల ఊపే రేకు ఏనుగు, గంట మోగించే రేకు బస్సు, ఇలాంటివి తెచ్చేవారు. బొమ్మ ఎలాగో మిగిలేది. దానితో వచ్చిన అట్టపెట్టె ఏనాడో చిరిగిపోయేది. పెట్టె లేని బొమ్మకు వాళ్ళలో గౌరవం తక్కువ. అందుకని ఎవరి దగ్గరైనా పాత పెట్టె ఉంటే అడిగి తెచ్చి, అచ్చం అలాంటిదే చేయించుకునేవారు.

ఆ పని మొదలైన వారంలోనే గవర్రాజు భార్య నూకరత్నం ఒక రబ్బరు ముద్ర చేయించి తెచ్చింది. 'కొత్త పెట్టె, గవర్రాజు, కాకినాడ' అని దాని మీద ఉండేది. పెట్టె పూర్తికాగానే లోపలి రెక్క మీద ఆ ముద్ర పడేది.

"ఇదెందుకే?" అన్నాడు గవర్రాజు మొదట్లో.

"రేపెవడైనా నీ పెట్టెని పాతదని ఇంకొకడికి అంటగడితే మాట మనకి రాకూడదు. నీ చేతిది నీ చేతిదని అదే చెప్పుకుంటుంది" అంది నూకరత్నం.

ఒకరోజు బొమ్మలవాళ్ళలో పెద్దమనిషి శేషఫణి వచ్చి, తన రేకు బస్సుకు చేసిన పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. రంగు చూశాడు, అంచు చూశాడు. రెక్క తెరిచి ముద్ర చూసి నవ్వాడు.

"ఈ ముద్ర ఒక్కటీ లేకపోతే నేనే పాతదనుకునేవాణ్ణి గవర్రాజూ!" అన్నాడు.

ఆయన మెచ్చుకుని వెళ్ళిపోయాడు. గవర్రాజుకు మాత్రం 'ముద్ర లేకపోతే' అన్న మాటే చెవిలో మిగిలింది. ఆ రోజు నుంచి ముద్ర వేసేటప్పుడల్లా, వండిన కూరలో చేతులారా ఉప్పు ఒంపుతున్నట్టు మొహం పెట్టేవాడు.

ఇంతలో పాత బొమ్మల ప్రదర్శన ఒకటి పెట్టాలని శేషఫణి తలపెట్టాడు. మాణిక్యాంబ అనే టీచరుగారి దగ్గర ఒక రేకు కోడిపెట్ట ఉందని, పెట్టెతో సహా ఉందని తెలిసి ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ ఒప్పుకుంది. కానీ పెట్టెను పదిమంది చేతుల్లో పెట్టడం ఇష్టం లేక గవర్రాజు దగ్గరికి వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన పెట్టెను బల్ల మీద పెట్టి మెల్లగా విప్పింది.

పసుపుపచ్చ పెట్టె. పైన కోడిపెట్ట, దాని వెనక మూడు పిల్లలు. చివర రెండు రెక్కలు. ఒక రెక్క లోపలి వైపు నీలం సిరాతో, వంకర అక్షరాలతో, 'ఇది రత్నాకరానిది. అక్క ముట్టుకోకూడదు' అని రాసి ఉంది. చివర ఒక సిరా మరక.

"రత్నాకరం ఎవరండీ?" అన్నాడు గవర్రాజు.

"మా తమ్ముడు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు రాశాడు. ఆ ఏడే జ్వరంతో పోయాడు. వాడి చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు నాయనా." ఆవిడ రెక్క మూసింది. "పైన బొమ్మలు దించితే చాలు. లోపలి రాత అక్కర్లేదు. నీ ముద్ర మాత్రం తప్పకుండా వెయ్యి."

"అలాగేనండీ టీచరుగారూ" అన్నాడు గవర్రాజు.

ఆవిడ వెళ్ళగానే పనిలో దిగాడు. పెట్టె మీది పటాన్ని ఫోటో తీయించి, పసుపు రంగు కుదిరేదాకా మూడుసార్లు అచ్చు వేయించాడు. కొత్త అట్ట వాడితే తెలిసిపోతుందని, పాత అట్లాసు పుస్తకాల అట్టలు ఊడదీశాడు. మైదా జిగురులో పురుగు పట్టకుండా పూర్వంవాళ్ళలాగే కాస్త మైలుతుత్తం కలిపాడు. టీ డికాక్షన్ పల్చగా పూసి, నీడన ఆరబెట్టి, అంచులు గుడ్డతో అరగదీశాడు. పెట్టె బ్రహ్మాండంగా వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. అతని కన్ను ఆ వంకర అక్షరాల మీద పడింది. వద్దన్న పని చేయడానికి నాలుగు రోజులు పట్టింది. సిరాలో నీళ్ళు కలిపి, పాత కాగితాల మీద వంద సార్లు రాసి, చెయ్యి కుదిరాక రెక్క మీద రాశాడు. సిరా మరకతో సహా దించాడు.

ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పక్కన పెట్టాడు.

'రేపు టీచరుగారి ముందు రెండూ పెట్టి, తనది ఏదో చెప్పమంటాను. ఆవిడ తెల్లబోయాక ముద్ర వేస్తాను' అనుకున్నాడు. తను మరిచిపోకుండా ఒక గుర్తు మాత్రం పెట్టుకున్నాడు. పాత పెట్టెకు ఎడమ రెక్కను పైకి మడిచాడు. కొత్తదానికి కుడి రెక్కను పైకి మడిచాడు. రెండిటినీ అటక మీద పక్కపక్కనే పెట్టి, పెళ్ళి పెట్టెల పని మీద తుని వెళ్ళాడు.

మర్నాడు తిరిగి వచ్చేసరికి మాణిక్యాంబగారు కొట్లో కూర్చుని ఉంది. గవర్రాజు చేతులు కడుక్కుని, రెండు పెట్టెలూ దించి ఆవిడ ముందు పెట్టాడు.

"మీది ఏదో చెప్పండి చూద్దాం, టీచరుగారూ."

ఆవిడ నవ్వి ఒకటి చేతిలోకి తీసుకుంది. రెక్క తెరిచింది. రాత ఉంది. "ఇదే" అంది. ఎందుకైనా మంచిదని రెండోది తెరిచింది. అందులోనూ రాత ఉంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది... కాదు, అది. అరవై ఏళ్ళుగా చూస్తున్నదేనే! నా కళ్ళకేమైంది?"

"మీ కళ్ళకేం కాలేదండీ. నా చెయ్యి అలాంటిది!" అని గవర్రాజు మురిసిపోయాడు. "తెరవకముందు నేను చూడలేదనుకున్నారా? ఎడమ రెక్క పైన ఉన్నది..." అంటూ ఆగిపోయాడు. ఆవిడ తెరిచినప్పుడు రెండిటికీ ఎడమ రెక్కే పైన ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"నూకరత్నం!" అని కేక పెట్టాడు. "ఈ పెట్టెలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే ముట్టుకున్నాను. నిన్న జల్లు కొడితే తడుస్తాయని దించి తుడిచాను" అంది నూకరత్నం లోపలి నుంచి వస్తూ. "నీది ఏదో చూద్దామని రెక్కలు తెరిస్తే ఎందులోనూ ముద్ర లేదు. రెండింట్లోనూ రాత ఉంది. నీ పెట్టె ఇంకా అవలేదేమో, రెండూ టీచరుగారివేనేమో అనుకుని రెండిటినీ ఒక్కలాగే మూసి పెట్టేశాను."

"ఏది ముందు తీశావు?"

"అదెవరికి గుర్తుంటుందయ్యా?"

గవర్రాజు రెండు పెట్టెలూ వెలుతురులో పెట్టి చూశాడు. అంచులు చూశాడు, జిగురు చూశాడు, బరువు చూశాడు. ఎక్కడ తేడా ఉండవచ్చో అక్కడల్లా అతనే ముందుగా ఆలోచించి, ఆ తేడా లేకుండా చేసి పెట్టాడు.

"ఒక దారి ఉందండీ. సిరా మీద నీటిచుక్క వేసి రుద్దితే కొత్త రాత ముందు కరుగుతుంది."

"పాతదైతే కరగదా?"

"అదీ... కొంచెం కరగొచ్చు."

"వద్దు" అంది మాణిక్యాంబగారు.

నూకరత్నం ముద్ర తెచ్చి, సిరా అద్ది, అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు వెయ్యి మరి. దేని మీద వేస్తావు?"

గవర్రాజు చెయ్యి ఒక పెట్టె మీదికి వెళ్ళింది. తరవాత రెండోదాని మీదికి వెళ్ళింది. ముద్ర మీది సిరా ఆరిపోయేదాకా చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

మాణిక్యాంబగారు కోప్పడలేదు. రెండు పెట్టెలనూ చీర ముక్కలో పెట్టింది. ఒకదానికి తెచ్చిన గుడ్డ రెండింటికి చాలలేదు. నూకరత్నం తన తువ్వాలు ఇచ్చింది.

"పొద్దున్న దాకా నాకు ఒక పెట్టె ఉండేది నాయనా. రెక్క తెరిస్తే మా వాడు నన్ను కసిరినట్టే ఉండేది. ఇక మీదట తెరిచినప్పుడల్లా, కసిరింది వాడా, నువ్వా అని అనుకోవాలి" అని లేచి వెళ్ళిపోయింది.

ప్రదర్శనలో కోడిపెట్ట పెట్టె లేకుండానే నిలబడింది. శేషఫణి కీ ఇస్తే టకటకమని గింజలు ఏరింది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. గవర్రాజు వెనక వరసలో నిలబడి చూసి, ఇంటికి వచ్చాడు.

ఆ తరవాత అతని పని వరస మారింది. ఇదివరకు ముద్ర ఆఖర్న పడేది. ఇప్పుడు అట్ట ఇంకా తెల్లగా ఉండగానే, కత్తెర పెట్టకముందే, ముద్ర వేసేవాడు. బొమ్మ, రంగు, జిగురు అన్నీ దాని తరవాతే.

"మళ్ళీ ఈ ముద్రేనా? ఇది లేకపోతే అచ్చం పాతదేనయ్యా!" అన్నాడు శేషఫణి ఒకసారి.

"అందుకేనండీ వేసింది" అన్నాడు గవర్రాజు.

వాగ్దేవీ, పిల్లలకు చదివి వినిపించే ముందు ఈ పేర్లు మీ అమ్మను అడిగి ఒకసారి సరిచూడు. టీచరుగారి పేరు మాణిక్యాంబేనా, మంగతాయారా అని నాకు ఇప్పుడే అనుమానం వస్తోంది. పేరు ఏదైనా నీతి ఇది: పాతదాన్ని చూసి కొత్తది చేయడం తప్పు కాదు, కానీ అది కొత్తదని దాని మీదే రాసి పెట్టాలి, నాకు గుర్తుంటుందిలే అని గొప్పకు పోయి రాయకపోతే, అసలుది కళ్ళెదుట ఉన్నా పోగొట్టుకున్నట్టే.