చలి పారే లోయ

అనగనగా, సముద్రపు గాలి సోకనంత లోపల, ఉత్తరాన ఒక దేవదారు అడవి. అక్కడికి వేసవి వచ్చిందంటే చుట్టపుచూపే. వచ్చిన ఆ నాలుగు రోజులూ పొద్దు గుంకనే గుంకదు. చలికాలం మాత్రం కాళ్ళు బార్లా చాపుకుని ఏడెనిమిది నెలలు కూర్చుంటుంది.

ఆ అడవిలో, గుట్ట నడుమన ఒక పొదలో పింజ అనే కుందేలు, దాని చెల్లి దూది ఉండేవి. వాటికి అమ్మ లేదు. పింజకు కింద ఉన్న లోయంటే ప్రాణం. వేసవిలో అక్కడ ఏటి ఒడ్డంతా ఊదారంగు పూలు. కళ్ళు మూసుకుంటే చాలు, దానికి ఆ పూలే కనిపించేవి.

ఆ ఏడు చలి ముదిరింది. ఊపిరి వదిలితే మీసాల మీదే గడ్డకట్టేది.

"అక్కా, నాకు కాళ్ళు తెలియట్లేదే," అంది దూది.

"లోయకి పోదాం పద. అక్కడ గాలి కొట్టదు. వెచ్చగా ఉంటుంది," అంది పింజ.

చలికాలానికి కొమ్ములు రాల్చేసి గుట్ట ఎక్కుతున్న దుప్పి తాత ఆ మాట విని ఆగాడు.

"ఏమే పిచ్చిదానా, చలి నీళ్ళలాంటిది. పల్లానికి పారుతుంది. గాలి లేని రోజున లోయ నిండా చలే నిలుస్తుంది. నాతో పైకి రండి," అన్నాడు.

పింజకు నవ్వొచ్చింది. "చలి పారడమేంటి తాతా? ఎత్తుకు పోయేకొద్దీ చలని పసిపిల్లకి కూడా తెలుసు. కొమ్ములతో పాటు నీ బుర్ర కూడా రాలిపోయిందా?"

తాత మంచులో దారి తొక్కుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

అక్కాచెల్లెళ్ళు కిందికి దిగాయి. మొదటి మలుపులో దూది మీసాలు బిగుసుకున్నాయి. "ఇంకొంచెమే," అంది పింజ. రెండో మలుపులో దూది కుంటింది. "అదిగో ఏరు," అంది పింజ. మూడో మలుపు దాటి ఒడ్డుకు చేరేసరికి దూది కూలబడింది.

"నిద్రొస్తోంది అక్కా..."

ఒక్క పువ్వు లేదు. ఒక్క కొమ్మ కదలడం లేదు. ఎక్కడో ఒక చెట్టు చలికి ఫటేల్మని పగిలింది. పింజ తలెత్తి చూసింది. గుట్ట మీద నుంచి సన్నని మంచుపొగ దిగి వస్తోంది. మెల్లగా, వంపులు తిరుగుతూ, అచ్చం ఏరులాగే.

"పారుతోంది... నిజంగానే పారుతోంది!"

"లే దూదీ, నిద్రపోకు!" అంటూ పింజ చెల్లి చెవి కొరికింది. దూదికి నొప్పి తెలియలేదు. తలతో నెట్టింది, ఏడ్చింది, మళ్ళీ నెట్టింది. అలాగే తమ పొద దాకా, అక్కణ్ణుంచి తాత తొక్కిన దారిలో పైకి ఎక్కించింది. ఎక్కేకొద్దీ చలి తగ్గింది. గుట్ట మీద పలచని ఎండ ఉంది.

తాత కొంచెం జరిగి, తన పొట్ట పక్కన చోటిచ్చాడు.

దూది బతికింది. కానీ దాని చెవులు సగానికి నల్లబడి రాలిపోయాయి.

మళ్ళీ వేసవి వచ్చింది. లోయ నిండా పూలు పూశాయి. ఆ పూల మధ్య కూర్చుని, "ఏమన్నావక్కా? వినపడలేదు," అంటుంది దూది.

పింజ మళ్ళీ చెబుతుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతుంది.

నీతి: మనకు ఇష్టమైన చోటు ఎప్పుడూ మనల్ని కాపాడుతుందనుకోకూడదు. ఆ నేలను ఎరిగినవాళ్ళు చెప్పినప్పుడు నవ్వే ముందు ఆగి వినాలి.