నూకరత్నం అడిగిన ఖాళీ

అనగనగా సముద్రం పక్కనే, ఉప్పుమడుల అంచున ఒక ఊరుండేది అమ్మడూ. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ. వాళ్ళ అన్న ఎర్రన్న, ఇంకో ఇద్దరు జాలర్లు, మూడు పడవల్లో వేటకి వెళ్ళేవారు. ఈవిడ ఒడ్డున వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని వాళ్ళతో మాట్లాడేది.

అయితే గాలిలో ఆ మాటల దారి వాళ్ళది కాదు. సర్కారు దాన్ని ఉప్పు కొఠారుకి రాసిచ్చింది. కొఠారు వాళ్ళు మాట్లాడనప్పుడు జాలర్లు వాడుకోవచ్చు. వాళ్ళ గొంతు వినిపిస్తే చటుక్కున ఆపెయ్యాలి. రెండు గొంతులు కలిస్తే ఎవరి మాటా ఎవరికీ అందదు మరి.

ఒక పొద్దున పాలనురగలా పొగమంచు కమ్మేసింది. ఒడ్డేదో, నీళ్ళేవో తెలియలేదు. అప్పుడు సెట్టులో అన్న గొంతు వినిపించింది.

"రత్నం, ఏటీ అగుపడ్డం లేదే. ఎదురుగా అలలు రాళ్ళకి కొట్టుకుంటున్న చప్పుడు. ఎటు తిప్పమంటావు?"

ఆ తీరాన రాళ్ళున్నది ఒక్కచోటే, రేవు వాటికి కుడిపక్కన అని ఆవిడకి తెలుసు. చెవొగ్గి విన్నది. ఖాళీగానే ఉంది. "అన్నా, కుడి..." అనేలోపే కొఠారు గుమాస్తా సోమేశ్వరం లారీల సంగతి ఎత్తుకున్నాడు. ఆపేసింది.

ఆ తర్వాత ఆయన ఆగాడు. ఈవిడ నోరు తెరిచిందో లేదో, మళ్ళీ ఆయనే. ఈసారి బస్తాల సంగతి.

మూడోసారి మాటల్లేవు. కానీ దారి వదల్లేదు. సెట్టులోంచి ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. టీ గ్లాసులో చెంచా తిరుగుతోంది. మాట్లాడ్డానికి నొక్కే మీటని ఆయన వదలకుండా నొక్కే ఉంచాడు! ఆ చప్పుడు కింద అన్న గొంతు మునిగిపోయింది.

నూకరత్నం సెట్టు వదిలి లేచింది. చెప్పుల్లేకుండా మడిగట్ల మీద కొఠారుకి పరుగెత్తింది. కింద తెల్లటి ఉప్పు, పైన తెల్లటి మంచు. మబ్బులో పరుగెడుతున్నట్టే ఉంది.

"బాబూ, మాట్లాడితే మాట్లాడండి. లేదంటే వదిలెయ్యండి. మీరు ఊరికే పట్టుక్కూర్చుంటే మావోళ్ళు రాళ్ళ మీదికి పోతారు!"

సోమేశ్వరం తన వేలికేసి చూసుకున్నాడు. "మాటిమాటికీ ఎవరు నొక్కుతారులే అనుకున్నానమ్మా. అవతల మనుషులున్నారని తోచలేదు," అని సెట్టు ఆవిడ చేతికిచ్చాడు.

అప్పుడు ఆవిడ సెట్టులో రాళ్ళ చప్పుడు వింటూ, జోలపాట పాడినంత మెల్లగా చెప్పింది. "కుడికి తిప్పన్నా... ఇంకొంచెం... అదీ."

"చేరాం," అందొక గొంతు. ఆ తర్వాత ఇంకొకటి. చాలాసేపటికి ఎర్రన్నది.

ఆ రోజునుంచి సోమేశ్వరం తన మాట అవగానే "నాదైపోయింది, మీరు కానివ్వండి" అనేవాడు. దారి మాత్రం కొఠారుదే. ఆయన మాట్లాడినంతసేపూ నూకరత్నం ఆగాల్సిందే. కానీ ఎప్పటిదాకా ఆగాలో ఇప్పుడు తెలుస్తుంది కదా తల్లీ. ఆవిడకి అదే పదివేలు.

కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
నిదరొచ్చింది కంటికి.