చిట్టూరి వారు పూల్ కర్ర కొన్న వైనం

మండపేటలో చిట్టూరి వారింట్లో ఉండేది ముగ్గురు. అన్న వెంకటరత్నం, తమ్ముడు ధర్మారావు, అన్నగారి భార్య మాణిక్యాంబ. ఊళ్ళో తమకున్నంత తెలివి ఇంకెవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఆ తెలివి ఏమిటంటే, ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు వినడం, విన్నది విన్నట్టు చెయ్యడం. ఒకటి చెబితే ఇంకోటి చెయ్యబట్టే లోకంలో ఇన్ని గొడవలని వెంకటరత్నం తన సోడా ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు.

మొన్నామధ్య ముగ్గురూ తణుకులో చుట్టాలింటికి వెళ్ళారు. వాళ్ళు మర్యాదకి, ఇది మీ ఇల్లే అనుకోండి అన్నారు. అంతే. సాయంత్రానికల్లా ధర్మారావు వాళ్ళ ముందుగది ఒక బీమా ఏజెంటుకి అద్దెకిచ్చేశాడు. చుట్టాలకి ఎందుకంత కోపం వచ్చిందో ముగ్గురికీ ఇప్పటికీ తెలీదు. పాపం, మంచి అద్దెకే ఇచ్చాడు.

అయితే అన్నదమ్ములకి ఒక్క విద్య మాత్రం నిజంగా వచ్చు. అది స్నూకరు, పెద్ద బల్ల మీద బంతుల్ని కర్రతో గోతుల్లోకి కొట్టే ఆట. సంత మార్కెట్టు వెనకాల రిక్రియేషన్ క్లబ్బులో వాళ్ళ నాన్న వాళ్ళకి ఆ ఆట నేర్పి పోయాడు. నాన్న వాడిన సన్నటి కర్ర చేతిలో ఉంటే వెంకటరత్నం బంతిని ఎటు పొమ్మంటే అటు పోయేది. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు కదా. వినడానికి మాటలుండవు కనక అక్కడ తప్పు జరిగేది కాదు.

ఒక వానాకాలం క్లబ్బు కప్పు కారి స్నూకరు బల్ల పాడైపోయింది. కమిటీవాళ్ళు దాన్ని తీసేసి కాస్త చిన్నదిగా ఉండే పూల్ బల్ల వేయించారు. క్లబ్బు ప్రెసిడెంటు గన్నెయ్యగారు మీటింగులో ఉన్నమాట చెప్పేశారు. ఐదేళ్ళుగా క్యారమ్స్‌లో రామచంద్రపురం క్లబ్బు చేతిలో ఓడుతూనే ఉన్నాం, ఈసారి పోటీ పూల్ ఆటలో, ఇందులోనూ ఓడితే ఈ హాలు షామియానా సామాన్లు పెట్టుకునేవాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. ఆ రోజు అన్నదమ్ములిద్దరికీ అన్నం సహించలేదు. నాన్న నిలబడి ఆడిన చోట ఎవరివో కుర్చీలు, గుడ్డలు పడుంటాయంటే వెంకటరత్నానికి మనసొప్పలేదు.

క్లబ్బులో పెద్దదిక్కు భీమశంకరం మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. పూల్ బంతులు పెద్దవి, బరువు. స్నూకరు కర్ర ముక్కు సన్నం. దాంతో మొదటి దెబ్బ గట్టిగా కొట్టారంటే ముక్కు చీలిపోతుంది. నాన్నగారి కర్రని ఇంక పక్కన పెట్టెయ్యండి. వెళ్ళి మంచి పూల్ కర్ర ఒకటి కొనుక్కోండి. మధ్యకి రెండు ముక్కలయ్యేది తీసుకుంటే మోసుకెళ్ళడం తేలిక. పూల్ కర్రలకి ముక్కు పదమూడు మిల్లీమీటర్లు ఉంటుంది గానీ, మీవి సన్నదానికి అలవాటుపడ్డ చేతులు కనక ముక్కు పన్నెండు దగ్గర ఆగితే మంచిది. అన్నిటికంటే ముఖ్యం, కర్ర మన మాట వినాలి.

ఇంకేముంది. ఇన్ని మాటలు ఒక్కసారి చెప్పినవాడిదే తప్పు.

ఆ పూట నుంచే వెంకటరత్నం నాన్న కర్రని పక్కన పెట్టాడు. అన్నానికి కూర్చుంటే పక్కన పీట వేసి దాన్ని పెట్టాడు. పడుకుంటే మంచం మీద పక్కన పెట్టాడు. మాణిక్యాంబ చూసింది. పెద్దాయన కర్రాయె, కాదంటే బాగుండదని తన చాప వరండాలో వేసుకుంది.

తెల్లారి పూల్ కర్ర కొనాలన్నారు. మాణిక్యాంబ నవ్వి, పూల కర్రకి ఎక్కడెక్కడో తిరగడం దేనికి, కడియం పక్కనే ఉంది కదా అంది. అంత దగ్గర్లో అన్ని పూలతోటలు పెట్టుకుని తమకి తట్టనందుకు అన్నదమ్ములు సిగ్గుపడ్డారు. ముగ్గురూ కడియం వెళ్ళి ఒక నర్సరీలో పూల కర్ర అడిగారు. ఏ పువ్వు కావాలన్నాడు నర్సరీ ఆయన. బంతి అన్నాడు ధర్మారావు. బంతి మొక్కకి కర్ర ఎక్కడుంటుందన్నాడు ఆయన. బంతిని కొట్టడానికని వెంకటరత్నం విడమరిచి చెప్పాడు. నర్సరీ ఆయన కత్తి అందుకున్నాడు. ఐదడుగుల కాగితంపూల కొమ్మ ఒకటి నరికిచ్చాడు. దానికి ముళ్ళున్నాయి. చివర్న గులాబిరంగు పూలగుత్తి కూడా ఉంది.

ముగ్గురూ దాన్ని క్లబ్బుకి తెచ్చి చూపించారు. వెంకటరత్నం దాంతో ఒక దెబ్బ కొట్టాడు. బంతి గోతిలో పడింది, కొత్త బల్ల మీద పచ్చగుడ్డ జానెడు చిరిగింది. భీమశంకరం మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది పూలు కాదని, పూల్ అని, ఆట పేరని చెప్పాడు. కాకినాడ మెయిన్ రోడ్డులో లాజర్‌గారి ఆటసామాన్ల షాపుందని, అక్కడ కర్ర అంటే అర్థం కాదని, క్యూ అని అడగమని చెప్పాడు. మండపేట క్లబ్బులో అందరూ కర్ర అనే అనేవారు. క్యూ అంటే అన్నదమ్ములు రేషన్ షాపు దగ్గరే చూశారు.

బయల్దేరబోతుంటే ధర్మారావుకి ముక్కు సంగతి గుర్తొచ్చింది. పన్నెండు దగ్గర ఆగాలన్నారు కదా. మాణిక్యాంబ స్కేలు తెచ్చి ఇద్దరివీ కొలిచింది. తమ్ముడిది నలభై ఒకటి. అన్నది నలభై ఎనిమిది. వెంకటరత్నం మొహం వాడిపోయింది. ఈ ముక్కుతో తను ఆటకి పనికిరాడేమో, హాలు పోతుందేమో అని మంచం పట్టినంత పని చేశాడు. మాణిక్యాంబ ధైర్యం చెప్పింది. ఇంత ముక్కు ఒక్కరోజులో తగ్గదని, అలవాటు చేస్తే అదే తగ్గుతుందని చెప్పి, బట్టలారేసే దండెం మీంచి రెండు క్లిప్పులు తీసి ఇద్దరి ముక్కులకీ పెట్టింది. ఆ క్లిప్పులతోనే కాకినాడ బస్సెక్కారు. నాన్న కర్రకి వెంకటరత్నం పక్కసీటు టిక్కెట్టు తీశాడు.

లాజర్‌గారు షాపులో ఎవరికో క్యారమ్ బోర్డు కట్టిస్తున్నారు. వెంకటరత్నం ముక్కుతో మూలుగుతూ క్యూ ఎక్కడండి అన్నాడు. ఆయన తలెత్తకుండా వెనక గోడ వైపు చెయ్యి చూపించారు. అంతే. ముగ్గురూ వెళ్ళి ఆ గోడ వెంబడి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముక్కులకి క్లిప్పులు పెట్టుకుని అంత శ్రద్ధగా నిలబడ్డవాళ్ళని చూసి దారినపోయే ఆయన, ఇక్కడేదో వాసనొచ్చేది ఇస్తున్నట్టున్నారని వెనకాల చేరాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. పావుగంటకి వరస గుమ్మం దాటి, పక్కనున్న చెప్పుల షాపు దాటి, ఇడ్లీ హోటలు దాకా వెళ్ళింది. చివర్న ఉన్నవాళ్ళు ఎండుచేపలని ఒకళ్ళు, కిరసనాయిలని ఒకళ్ళు అనుకుంటున్నారు. ఒకావిడ ఇంటికెళ్ళి డబ్బా కూడా తెచ్చుకుంది.

లాజర్‌గారు తలెత్తేసరికి షాపులో గాలి ఆడటం లేదు. జనానికి సర్దిచెప్పి పంపడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. డబ్బా తెచ్చుకున్నావిడ మాత్రం ఒక రబ్బరు బంతి కొనుక్కుని గానీ వెళ్ళలేదు. ఆ తర్వాత ఆయన ముగ్గుర్నీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముక్కుల క్లిప్పులు తనే తీసి, సంగతంతా అడిగి తెలుసుకున్నారు. ముక్కంటే కర్ర చివర తోలు బిళ్ళ అంటించిన కొస అని వివరంగా చెప్పారు. తన ముక్కుకి ఏ దోషమూ లేదని తెలిసి వెంకటరత్నం చాలాసేపు దాన్ని నిమురుకున్నాడు.

పది కర్రలు గోడకి ఆనించి, ఇష్టమైంది చూసుకోమన్నారు లాజర్‌గారు. వెంకటరత్నం ఒక్కోదాని ముందూ నిలబడి రా అన్నాడు. ఒక్కటీ రాలేదు. గట్టిగా అడిగాడు, బతిమాలాడు. మాణిక్యాంబ కూడా, రా నాయనా, మా ఇంట్లో ఏ లోటూ ఉండదని చెప్పి చూసింది. ఏడో కర్ర నేల మీద జారి అతని కాళ్ళ దగ్గర పడింది. మాట విన్న కర్ర అదేనని ముగ్గురూ సంబరపడ్డారు. ఇంక అది రెండు ముక్కలవుతుందో లేదో చూడాలి కదా. లాజర్‌గారు అటు తిరిగేలోగా ధర్మారావు దాన్ని మోకాలికేసి నొక్కాడు. ఫెళ్ళుమంది. అవుతోందన్నయ్యా అన్నాడు.

లాజర్‌గారు విరిగిన ముక్కలు ఏరి బల్ల మీద పెట్టారు. ధర్మారావు ఆ రెండు ముక్కలకీ డబ్బిచ్చాడు. అప్పుడాయన వెంకటరత్నాన్ని చెయ్యి పట్టుకుని లోపల గదిలో ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. మాట్లాడకుండా ఒక కర్ర చేతిలో పెట్టారు. అది లావనిపించి అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి పెట్టారు. దాని బరువంతా వెనకే ఉంది. మూడోది పెట్టారు. ముక్కు పన్నెండు, మధ్యలో మర తిప్పితే విడిపోతుంది, నున్నగా ఉంది. వెంకటరత్నం వంగాడు. మొదటి రెండు దెబ్బలూ పక్కకి పోయాయి. స్నూకరు కర్రకి అలవాటైన చెయ్యి మెత్తగా తోస్తోంది, ఈ బంతులకి అది చాలటం లేదు. మూడో దెబ్బకి చెయ్యి సర్దుకుంది. ఆ తర్వాత తొమ్మిది బంతులు వరసగా గోతుల్లో పడ్డాయి. గదిలో బంతుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

లాజర్‌గారు బల్లకి ఆనుకుని చూస్తూ ఉండిపోయారు. చివరికి అన్నారు: “రత్నంగారూ, మీ చేతికి చాలా తెలివుందండి. దాన్ని మీ చెవులే చెడగొడుతున్నాయి.”

వెంకటరత్నం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. మాణిక్యాంబ చెవుల్లో పెట్టింది. షాపు గుమ్మం దిగగానే దూది కొని భర్త చెవులు రెండూ కూరేసింది. వారం రోజులు అతనికి ఎవరి మాటా వినపడలేదు. రోజుకి ఆరు గంటలు క్లబ్బులో, గుడ్డకి కుట్లేసిన బల్ల మీద ఆడాడు. ఆ వారం ఇంట్లో ఒక్క వస్తువు కూడా పగల్లేదు.

పోటీ రోజు రామచంద్రపురం వాళ్ళు వ్యాను వేసుకుని వచ్చారు. హాలు నిండిపోయింది. మొదటి ఆట భీమశంకరం మాస్టారు గెలిచాడు. రెండోది ధర్మారావు ఓడాడు. ఎందుకంటే అవతలివాడు మీరు కానివ్వండి అని మర్యాదగా అన్న ప్రతిసారీ ధర్మారావు తన వంతు కాకపోయినా ఆడేశాడు. ఇంక మిగిలింది మూడోది. వెంకటరత్నం చెవుల్లో దూదితో, చేతిలో కొత్త కర్రతో బల్ల దగ్గరికొచ్చాడు. మొదటి దెబ్బకే బంతులు బల్లంతా చెదిరాయి. అతని వాటాకొచ్చిన చారల బంతులు ఒక్కొక్కటే గోతుల్లోకి వెళ్ళాయి. అవతలి ఆటగాడికి కర్ర ఎత్తే పని కూడా పడలేదు. గన్నెయ్యగారు కుర్చీ అంచుకి వచ్చేశారు. చివరికి అతను వెయ్యాల్సింది ఎనిమిదో నంబరు నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది గోతికి బెత్తెడు దూరంలో, చెయ్యి తగిలితే పడేటట్టుంది.

అప్పుడు అంపైరు ముందుకొచ్చాడు. అతను రాజమండ్రి నుంచి వచ్చినవాడు, నియమం నియమమే అనే రకం. స్నూకరులో లేని నియమం పూల్‌లో ఒకటుంది. నల్లబంతిని ఏ గోతిలో వేస్తామో ముందే చెప్పాలి. అంపైరు మాట వెంకటరత్నానికి వినపడలేదు. రెండుసార్లు చెప్పి, ఎడమ చెవిలో దూది తీసేసి, ఏ పాకెట్‌లో వేస్తారో చెప్పి వెయ్యండి అన్నాడు.

భీమశంకరం మాస్టారు లేచి నిలబడ్డాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

“చొక్కా పాకెట్‌లోనండి. ఎడమ వైపుది,” అన్నాడు వెంకటరత్నం. నల్లబంతిని చేత్తో తీసి జేబులో వేసుకున్నాడు. జేబు చిన్నది, కాస్త కుక్కాల్సి వచ్చింది.

అంతే. నల్లబంతిని చేత్తో తీస్తే ఆట ఓడినట్టే, పోటీ కప్పు రామచంద్రపురం వాళ్ళకి పోయింది. హాల్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వెంకటరత్నం మాత్రం చెప్పినచోటే కదా వేశానని తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. ఆట పోయిందని, హాలు కూడా పోతుందని తమ్ముడు చెప్పాక అతని కళ్ళు నీళ్ళతో నిండాయి. నవ్వులు ఆగిపోయాయి.

రామచంద్రపురం వాళ్ళ పెద్ద ఆటగాడు లేచాడు. కప్పు తమదే గానీ ఆట మాత్రం ఈయనదని, ఇలాంటి చెయ్యి తను చూడలేదని గన్నెయ్యగారితో చెప్పాడు. ప్రతి ఆదివారం తామే ఇక్కడికి వచ్చి ఈయనతో ఆడతామని, హాలు ఎవరికీ ఇవ్వొద్దని అడిగాడు. గన్నెయ్యగారికి కూడా మనసు కరిగిపోయింది. అన్నదమ్ములిద్దర్నీ దగ్గరికి పిలిచి భుజాల మీద చేతులేశారు.

“షామియానాలూ లేవు, ఏమీ లేవు. ఈ హాలు ఇవాళ్టి నుంచి మీ ఇద్దరి చేతుల్లో పెడుతున్నాను. వదిలారంటే ఊరుకోను,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే భీమశంకరం మాస్టారు పేపరు చదువుకుందామని క్లబ్బుకొచ్చాడు. తలుపులు బార్లా తీసున్నాయి. లోపల వెంకటరత్నం రెండు అరచేతులూ తూర్పు గోడకి ఆనించి నిలబడున్నాడు. ధర్మారావు పడమటి గోడకి ఆనించి నిలబడున్నాడు. నిద్ర లేక ఇద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి. మాణిక్యాంబ ఉప్మా గిన్నె పట్టుకుని ఒక ముద్ద భర్త నోట్లో, ఒక ముద్ద మరిది నోట్లో పెడుతూ అటూ ఇటూ తిరుగుతోంది.

అడుగుల చప్పుడికి వెంకటరత్నం తల తిప్పకుండానే గుర్తుపట్టాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

“వచ్చారా మాస్టారూ. ఆ కండువా అక్కడ పెట్టి తొందరగా రండి. నిన్నట్నుంచీ ఉత్తరం గోడ ఎవరూ పట్టుకోకుండా ఉండిపోయింది.”