కోచ్ అప్పలసూరి దాచిన జబ్బు

విజయనగరంలో అప్పలసూరి అనే కబడ్డీ కోచ్ ఉండేవాడు. ఆట ఎంత బాగా నేర్పేవాడో, ఆగమన్నవాళ్ళ మీద అంతగా మండిపడేవాడు. రిఫరీ విజిల్ ఊదితే చాలు, గొడవకు దిగేవాడు. "మీద పడేవాడే ఆటగాడు. ఆపేవాడికి ఆటతో ఏం పని?" అనేవాడు.

ఒక ఏడాది అతని కిడ్నీలో కేన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు కానీ, జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. కూతురు హైమ అతన్ని విశాఖపట్నంలో డాక్టర్ నస్రీన్ దగ్గరికి తీసుకువెళ్ళింది.

"మాస్టారూ, మీ రక్తంలో జబ్బులతో పోరాడే టీ కణాలుంటాయి," అంది డాక్టర్. "రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే చిన్న గ్రంథిలో అవి తయారవుతాయి. సొంత ఒంటి మీద పడే కణాలను చాలావరకు అక్కడే ఏరేస్తుంది శరీరం. మిగిలినవాటిలో కొన్ని శత్రువును కొడతాయి. కొన్ని, ఇక చాలు అని ఆపుతాయి. మీ గడ్డ గడుసుది. ఆ ఆపే సంకేతాన్నే తాను వాడుకుని తప్పించుకుంటోంది. నేనివ్వబోయే మందు ఆ సంకేతం అందకుండా చేస్తుంది."

"అంటే రిఫరీని బయటికి పంపేస్తున్నారు. మంచి పని," అన్నాడు అప్పలసూరి.

డాక్టర్ నవ్వలేదు. "రిఫరీ లేకపోతే సొంత జట్టుకే దెబ్బలు తగలొచ్చు. విరేచనాలు, దద్దుర్లు, ఆయాసం, ఏది వచ్చినా ఆ రోజే ఫోన్ చెయ్యండి."

మందు పనిచేసింది. ఊపిరితిత్తుల్లో కేన్సర్ మచ్చలు చిన్నవయ్యాయి. అప్పలసూరి మళ్ళీ గ్రౌండుకు వెళ్ళసాగాడు. కొన్నాళ్ళకు విరేచనాలు మొదలయ్యాయి. తరువాత రక్తం కూడా పడింది. చెబితే మందు ఆపేస్తారని అతను నోరు మెదపలేదు.

"చిక్కిపోయావేంటి నాన్నా?" అని హైమ అడిగింది.

"కోచ్‌కి పొట్ట ఉంటే పిల్లలు నవ్వుతారే," అన్నాడు.

ఒక ఉదయం గ్రౌండులోనే కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికి పేగంతా పుండైపోయి ఉంది. కాస్త ఆలస్యమైతే చిల్లు పడేదే. డాక్టర్ నస్రీన్ మందు ఆపేసి, టీ కణాల జోరు తగ్గించడానికి స్టెరాయిడ్లు మొదలుపెట్టింది.

"మందు ఆపితే చచ్చిపోతానని భయపడ్డానమ్మా," అన్నాడు అప్పలసూరి, కళ్ళు తెరిచాక.

"ఆపకపోతే ఈపాటికి పోయేవారు. మీ కణాలు చెడ్డవి కావు మాస్టారూ. ఆగమని చెప్పేవాళ్ళు లేక పేగునీ శత్రువే అనుకున్నాయి."

పేగు నెమ్మదిగా మానింది. స్కానింగ్ రోజున అప్పలసూరి హైమ చెయ్యి వదల్లేదు. డాక్టర్ ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది.

"మచ్చలు పెరగలేదు. ఇంకాస్త తగ్గాయి కూడా."

"మందే లేదు కదమ్మా. మరి కొడుతున్నదెవరు?"

"మీ టీ కణాలే. ఒకసారి గుర్తుపట్టిన శత్రువును వాటిలో కొన్ని చాలాకాలం మరిచిపోవు. అందరిలోనూ ఇలా జరగదు, ముందే చెబుతున్నాను. మీలో జరిగింది."

"మరి పేగు జోలికి?"

"వెళ్ళడం లేదు. ఆపే కణాలు మళ్ళీ పనిలో పడ్డాయి."

అప్పలసూరి ఆ ఫిల్ము వైపు చూశాడు. కంటికి కనబడనంత చిన్న కణాలు, తనవాడెవడో పరాయివాడెవడో పోల్చుకుంటూ, ఒకటి కొడుతూ, ఇంకొకటి ఆపుతూ, తను నిద్రపోతున్నా తనను కాపాడుతున్నాయి. ఏళ్ళ తరబడి ఆటగాళ్ళను తయారు చేసినా, అంత చక్కటి జట్టును అతను ఎన్నడూ చూడలేదు.

"ఇంత తెలివి నా ఒంట్లోనే ఉంది. నాకే లేకపోయింది," అన్నాడు.

"ఇప్పుడైనా దాని దగ్గర నేర్చుకో నాన్నా," అంది హైమ.

కొట్టగలగడం సగం బలమే. ఎవరి మీద చెయ్యెత్తకూడదో, ఎప్పుడు ఆగాలో తెలిసినప్పుడే ఆ బలం మనల్ని కాపాడుతుంది.